ఆకాశం తెల్లబోతే పోనీ

విజయవాడ

చిరంజీవి లల్లీకి నాన్న ఆశీస్సులు.

మొన్న దసరాకి వచ్చినప్పుడు తీసిన ఫొటోలు అందాయి. ప్రకాశం బ్యారేజీ మీద అమ్మమ్మ నిలబడింది, వెనక కృష్ణ మీద పొద్దు వాలుతోంది. ఆకాశం బ్రహ్మాండంగా వచ్చింది, అమ్మమ్మే రాలేదు. జుట్టు చుట్టూ బంగారు గీత, కళ్లజోడు అంచున చిన్న మెరుపు, మిగతాదంతా బొగ్గు. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడుతున్నావు. షాపుకి తీసుకెళ్లకు, అది బాగానే ఉంది.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి అమ్మమ్మ ఎవరో, ఏరు ఏదో తెలియదమ్మా. ఫ్రేమ్‌లో ఉన్న వెలుతురుకు సగటు కట్టి, అది మధ్యరకం బూడిద రంగుగా వచ్చేట్టు ఎక్స్‌పోజర్, అంటే లోపలికి రానిచ్చే వెలుతురు, పెడుతుంది. మీద పడ్డ వెలుతురులో 18 శాతం తిప్పికొట్టే అట్టని మేం గ్రే కార్డ్ అంటాం, ఆ రంగన్నమాట. నీ ఫ్రేమ్‌లో ముప్పాతిక వంతు ఆకాశమూ, నీళ్ల మీద తళతళే. అదంతా బూడిద రంగుకి దిగాలంటే వెలుతురు కొయ్యాలి. ఆ కోత అమ్మమ్మ ముఖం మీదా పడింది. ముఖాన్ని గుర్తుపట్టే కొత్త కెమెరాలు కొంత నయమే గానీ, సూర్యుడు నేరుగా వెనకుంటే అవీ తడబడతాయి.

అంచేత బటన్ నొక్కే ముందే తేల్చుకో, ముఖం కావాలా, ఆకాశం కావాలా. మీ తమ్ముడు ఘాట్ మెట్ల మీంచి గెంతిన ఫొటో నల్లగా వచ్చినా బాగుంది, అక్కడ ఆకారమే ఫొటో. అమ్మమ్మ ఫొటోకి ముఖమే కావాలి. ఆకాశం తెల్లబోతే పోనీ.

ఫిల్ము రోజుల్లో డబ్బాతో వచ్చే కాగితం మీద బొమ్మలేసి మరీ చెప్పేవాళ్లు: ఎండ మనిషి ముఖం మీద పడితే లెన్స్ కంత ఎఫ్ 16, మనిషి వెనకనుంచి వస్తే ఎఫ్ 8. అంకె తగ్గితే కంత పెద్దది. ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు, అంటే రెండు స్టాపులు, నాలుగింతల వెలుతురు. నువ్వు మీటర్ లెక్కని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టి, స్క్రీన్ చూసుకుంటూ పెంచు. ఇంకా కచ్చితంగా కావాలంటే ఒక్క చోటే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి అమ్మమ్మ చెంప మీద కొలువు. ముఖం మీద కొలిచాక ఒక స్టాప్ పెంచమని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటుంది. అది తెల్లవాళ్ల చర్మానికి చెప్పిన లెక్క. మన చామనఛాయ దాదాపు ఆ బూడిద రంగు దగ్గరే ఉంటుంది, వచ్చిన రీడింగ్ అలాగే వాడు. దగ్గరికి వెళ్లే వీల్లేకపోతే అదే నీడలో నీ అరచేయి పెట్టి కొలువు. అరచేయి మాత్రం మనందరికీ తెలుపే, దానికి ఒక స్టాప్ కలుపుకో. తర్వాత ఆ లెక్కని మాన్యువల్లో ఉంచెయ్. లేకపోతే ఫ్రేమ్ కాస్త కదిలినప్పుడల్లా మీటర్ మళ్లీ మొదటికొస్తుంది. పొద్దు దిగేకొద్దీ మళ్లీ కొలవడం మాత్రం మర్చిపోకు.

అసలు అమ్మమ్మని పడమటికి తిప్పి తీయొచ్చుగా అంటావేమో. ఎండకి కళ్లు చికిలిస్తుంది, ముఖమంతా ముడతలు. వీపుకి ఎండ ఉంటేనే ముఖం మెత్తగా వస్తుంది.

ముఖమూ ఆకాశమూ రెండూ కావాలంటే ఫ్లాష్ వాడాలి. ఆకాశానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టు, షట్టర్‌ని సెకనులో 1/200 వంతు కన్నా వేగంగా పోనివ్వకు, ఫ్లాష్ బలాన్ని మైనస్ ఒకటిలో ఉంచు. మనిషి దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతే అందుతుంది, అందుకని దగ్గరగా ఉండు. ఫోన్‌తో అయితే ముఖం మీద వేలు నొక్కి ఉంచి, వెలుతురు గుర్తుని పైకి జరుపు, చాలు. వెలుతురునీ నీడనీ కలిపి సర్దేసే హెచ్‌డీఆర్ ఫొటోలు నాకంతగా నచ్చవు. ముఖమూ మబ్బూ ఒకే వెలుతురులో, ఉప్పూ కారం లేని పప్పులా ఉంటాయి.

లెన్స్ తుడుచుకో. వేలిముద్ర ఉంటే ఎదురెండలో ఫొటో అంతా పొగమంచు కమ్ముతుంది.

మొన్నటి రా ఫైళ్లు, అంటే కెమెరా మార్చకుండా ఉంచిన అసలు ఫైళ్లు, చెరిపెయ్యకుండా నాకు పంపు. నీడల్ని పైకి లాగి చూస్తాను. ఫొటోలో గింజల్లా చుక్కలు పడతాయి గానీ ముఖం కొంత దక్కుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లీ తీద్దాం. ఫ్లాషూ స్టాండూ స్టూడియోలో ఉన్నాయి, నువ్వు మోసుకురాకు. ముఖానికి వెలుతురు కొట్టడానికి థర్మాకోల్ షీటు తెస్తాను గానీ, బ్యారేజీ గాలికి అది నిలవదు, ఒకళ్లు పట్టుకునే ఉండాలి. మీ తమ్ముణ్ని ఒప్పించే పని నీది.

నాన్న