నాయన బండి ఆగిందిరా!

ఒరేయ్ సీనూ,

రెండు నెలలైంది నీకు రాసి, తిట్టుకో. అమ్మ బాగుంది, పాప పరీక్షలు అయిపోయాయి, మామిడికి ఈసారీ ధర లేదు. అంతే. అసలు సంగతి విను: నాయన పద్మిని కారు ఆగిందిరా! నడిచింది అనలేదు చూడు, ఆగింది.

ఆయన పోయినప్పట్నుంచీ, అంటే ఆరేళ్లు, షెడ్డులోనే ఉంది కదా. ఇంజన్ రెండు రోజుల్లో పలికింది. బ్రేకు తొక్కితే మాత్రం పెడల్ నేలకంటుకుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, లోపలి షూలు విచ్చుకుని డ్రమ్మును ఒరుసుకుంటేనే బండి ఆగేది. వెనక ఎడమది ఊడిరాదే! చుట్టూ సుత్తితో తట్టి తట్టి లాగితే లోపల తుప్పూ, కారిన బ్రేకాయిలూ కలిసి ముద్ద. నీ రూములోని జీలకర్ర కారం గుర్తొచ్చింది. నవ్వకు.

షూలను తోసే వీల్ సిలిండర్లో పిస్టన్ బిగుసుకుపోయింది. రబ్బరు వాషర్లన్నీ మార్చాను, షూలకు కొత్త లైనింగ్ వేయించాను. ఇక బ్రేకాయిల్ గొట్టాల్లోంచి గాలి తీయడం. నేను బండి కింద, పాప పెడల్ మీద. "తొక్కు, పట్టుకో, ఆ, ఇప్పుడు వదులు." దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి నాలుగూ తీశాం. సీసాలో బుడగలు ఆగిపోయాయి, పెడల్ మాత్రం కిందికే! మూడు ఆదివారాలు ఇదే పని. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ కొనడానికి డబ్బులు కూడా తీశాను.

అప్పుడొచ్చాడు వీధి చివరి బస్సు డ్రైవరు తాత, భుజాన తువ్వాలుతో. "తొక్కు. కిందికి పోయిందా? వెంటనే ఇంకోసారి తొక్కు." రెండోసారి పైనే, రాయిలా నిలబడింది. "గాలైతే మెత్తగా ఉంటుంది నాయనా. షూలు డ్రమ్ముకు దూరంగా ఉండాయి, అంతే. ఇది ఇప్పటి కార్ల మాదిరి తనంతట తాను సర్దుకోదు."

చక్రం లేపి, తిప్పుతూ, వెనక ప్లేటు మీది అడ్జస్టరు బిగించాను. స్స్ మని రాసుకోగానే ఒక్క పిసరు వెనక్కి. నాలుగింటికీ అరగంట పట్టలేదు. తొక్కితే మొదటిసారే పెడల్ నిలిచింది.

ఒరేయ్, నాయన ఎప్పుడూ రెండుసార్లు తొక్కేవాడు, గుర్తుందా? టక్, టక్. నువ్వు నడకలో కూడా అనుకరించేవాడివి. అలవాటేమో అనుకున్నాం. అన్నేళ్లూ షూలు సరిచేయించుకోలేదురా ఆయన! అదే బండిలో మనందరినీ కాణిపాకం... సరే వదిలేయ్.

తెల్లారి అలిపిరి రోడ్డులో నడిపి చూశాను. భాకరాపేట ఘాట్‌కి ఇంకా ధైర్యం లేదు, దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కితే పట్టు తప్పుతుంది.

మీ బావ నారాయణాద్రి రైలుకి టైమైందని వాకిట్లో నిలబడి అరుస్తున్నాడు, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. ఇంకొక్కటి, బ్రేకు వేస్తే బండి కొంచెం ఎడమకి లాగుతోందిరా, అది ఎందుకంటే