ఇనుము కోసం పాలకూరేనా?

బంగారుతల్లీ,

రక్తపరీక్షలో ఇనుము తక్కువని తేలినప్పటి నుంచి రోజూ పాలకూరే తింటున్నానన్నావు. తిను, మంచిదే. కానీ ఇనుము విషయంలో దాని మీద అంత ఆశ పెట్టుకోకు. వంద గ్రాముల పచ్చి ఆకులో ఇనుము సుమారు 2.7 మిల్లీగ్రాములు ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది చాలా కొద్ది. ఆకుల్లోని ఇనుము మాంసంలోని ఇనుమంత తేలిగ్గా పేగుల్లోంచి రక్తంలోకి చేరదు. దానికి విటమిన్ సి తోడుండాలి. అందుకే కూర దించి కాస్త చల్లారాక నిమ్మరసం పిండుకో. ఉడుకుతుండగా పిండితే వేడికి విటమిన్ కొంత పోతుంది, పులుపు తగిలి ఆకు కూడా మట్టిరంగుకు తిరుగుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ వద్దు, గంటైనా ఆగు. వాటిలోని టానిన్లనే వగరు పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం ఆపకు. వాటి పని ఆకుకూర చేయలేదు.

పాలకూరతో ఇంకో చిక్కు, ఆకులో సహజంగానే ఉండే ఆక్సలేట్లనే పదార్థాలు. అందులో కాల్షియం బాగానే ఉన్నా ఇవి దాన్ని కట్టిపడేస్తాయి. పాలలోని కాల్షియం మూడో వంతు దాకా ఒంటికి పడితే, పాలకూరలోది ఇరవయ్యో వంతు పట్టడమే గొప్ప. తోటకూరలోనూ ఆక్సలేట్లు ఎక్కువే. కాబట్టి మధ్యమధ్యలో మెంతికూర, క్యాబేజీ కూడా వండుకో. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లయితే పాలకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి, పెరుగుతో కలిపి తినాలి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టి ఉంచుతుంది. నీకు ఆ బెడద లేదు కనుక నీళ్లు పారబోయకు, ఫోలేట్ అనే బి విటమిన్, విటమిన్ సి వాటితోనే పోతాయి. ఫోలేట్ సంగతి చిన్నది కాదు. కొత్త రక్తకణాలు తయారవడానికి అది కావాలి. 1941లో శాస్త్రవేత్తలు దాన్ని మొదట వేరుచేసింది పాలకూర నుంచే. గర్భం అనుకునే రోజుల్లో మాత్రం ఆకుకూరలతో సరిపెట్టుకోకూడదు, ఫోలేట్‌నే మాత్రగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి.

వండేటప్పుడు ఒక చెంచా నూనె వేయి. కంటిచూపుకు పనికొచ్చే బీటా కెరోటిన్, ల్యూటిన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడతాయి. నూనె లేకుండా ఉడకబెట్టుకుని తినేవాళ్లు చాలావరకు వాటిని వదులుకుంటున్నట్టే. లేత ఆకుకు మూతపెట్టకుండా నాలుగైదు నిమిషాలు చాలు. రంగు కోసం సోడా వేయమని ఎవరైనా చెబితే వినకు. రంగు నిలుస్తుంది, విటమిన్లు పోతాయి. వంద గ్రాములు ఉడికితే అరకప్పుకు తగ్గుతుంది, తెచ్చిన కట్ట చూసి ఎక్కువనుకోకు.

కోసే ముందే కడుగు, కోశాక కడిగితే సారం నీళ్లపాలు. మట్టంతా కాడలు కలిసే మొదట్లో దాక్కుంటుంది, వేర్లు కోసి కాడలు విడదీయి. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆకులు ముంచి, అలాగే పైకి ఎత్తి తీయి. గిన్నె వంచావంటే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకుల మీదే పడుతుంది. అడుగున ఇసుక కనిపించనంత వరకు నీళ్లు మారుస్తూ ఉండు.

రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఎవరైనా నీతో కలిసి భోంచేస్తుంటే వాళ్లకొక మాట చెప్పు. ఆకుకూరల్లో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె ఎక్కువ. మానేయనక్కర్లేదు కానీ ఒక వారం బొత్తిగా తినక, మరో వారం పూటపూటా తింటే మందు మోతాదు తప్పుతుంది. రోజూ ఇంచుమించు ఒకే కొలత తినాలి. ఆకుకూరల్లో పొటాషియం కూడా ఎక్కువే కనుక కిడ్నీ జబ్బున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్ని అడిగి తినాలి.

మిగిలిన కూర బయట ఉంచకు. ఆకుల్లోని నైట్రేట్‌ను బ్యాక్టీరియా ఒంటికి మంచిది కాని నైట్రైట్‌గా మారుస్తుంది. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా తినేయి. పచ్చి ఆకునైతే కడగకుండా, పండుటాకులు ఏరేసి, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. తడి ఉంటే రెండో రోజుకే జిగురొస్తుంది.

ఉంటాను,
అమ్మ