మంత్రిగారూ, మాకు సొంత పైకప్పు లేదు

పర్యావరణ శాఖ మంత్రిగారికి నమస్కారం.

ఎలక్ట్రిక్ కారు కొనండి, ఇంటిపైన సౌర ఫలకలు పెట్టించండి అంటూ మీ శాఖ వేయించిన పోస్టరు మా ఫ్యాక్టరీ గేటు పక్కనే ఉంది. అద్దె ఇంట్లో ఉండేవాడికి పైకప్పు ఎక్కడిది? రెండు బస్సులు మారి పనికి వచ్చేవాడికి కారు ఊసెందుకు? (నిజానికి మాకంటే తక్కువ ఇంధనం వాడేవాళ్లు మీ కార్యాలయంలో ఎందరున్నారో చూడాలి.)

2018లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇంధన పన్ను పెంచబోతే జనం పసుపు జాకెట్లు తొడుక్కుని రోడ్డెక్కారు. శుభ్రమైన గాలి అంటే గిట్టక కాదు, బస్సు రాని చోట్ల సొంత బండే ఆధారమైన వాళ్ల నెత్తిన ఆ భారం పడబోయింది గనుక. లక్సెంబర్గ్ మరో దారి పట్టింది: 2020 మార్చి నుంచి దేశమంతటా బస్సు, ట్రామ్, రెండో తరగతి రైలు ప్రయాణం ఉచితం.

కార్మికులకు చెట్టు విలువ తెలియదనుకోకండి. 1971లో సిడ్నీ భవన నిర్మాణ కార్మికుల సంఘం, స్థానిక మహిళలు అడిగితే, కెల్లీస్ బుష్ అనే అడవి ముక్కను చదును చేసే పని తాము చేయబోమంది. ఆ అడవి ఈనాటికీ ఉంది.

కాబట్టి ముందు రాత్రి షిఫ్టు దిగే వేళకు బస్సు వేయించండి. అద్దె ఇళ్ల పైకప్పులు ఎండను ఆపేలా చేయించే బాధ్యత యజమానులపై పెట్టండి. కాలుష్యం చేసే యూనిట్‌ను మూయించాలంటే, తాళం పడకముందే మాకు వేరే పని నేర్పించండి, అందాకా జీతం ఇప్పించండి.

ప్రజాభిప్రాయ సేకరణ సభ ఈసారీ పనిరోజు పదకొండు గంటలకే పెట్టారు. ఆదివారానికి మార్చండి, వస్తాం.

ఇట్లు,
ఒక యంత్ర కార్మికుడు