వెనక్కి తిప్పితే బలిపీఠం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడందరం కులాసా. ఆవకాయ జాడీ నీకోసం తీసిపెట్టాం. ఇక అసలు సంగతి.

వెనక్కి తిప్పి చూడందే ఏదీ తేల్చకూడదన్న మన బీరువా సూత్రం గెలిచిందిరా! జెరూసలేంలో పవిత్ర సమాధి చర్చి ఉంది కదా, దాని వెనక నడవాలో గోడకి ఆనించిన రాతిపలక ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉంది. టన్నుల బరువు. వచ్చినవాళ్ళల్లా పేర్లు గీకి పోయారు. మరమ్మతులప్పుడు తిప్పి చూస్తే అవతలివైపు మెలికల ముగ్గు! అది క్రూసేడర్లు, అంటే జెరూసలేం కోసం యుద్ధాలు చేసిన ఐరోపా క్రైస్తవులు, 1149లో ప్రతిష్ఠించిన ప్రధాన బలిపీఠం ముందుపలక అని 2024లో పరిశోధకులు ప్రకటించారు.

"ఎలా తేల్చార్రా?" అంటావు, తెలుసు. ముందు పనితనం. రోమ్ మేస్త్రీల కాస్మతెస్క్ పని అది, అంటే పాలరాతిలో రంగురాళ్ళ ముక్కలు పొదగడం, కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. పాలరాయి రోమ్‌లో కరువు. అందుకని పాత కట్టడాల రాళ్ళు ఏరుకొచ్చేవాళ్ళు. పోర్ఫిరీ అనే గట్టిరాయిలో ఊదారంగుది ఈజిప్టుది, ఆకుపచ్చది గ్రీసుది. పాత స్తంభాన్ని కందగడ్డ కోసినట్టు చక్రాలుగా కోస్తే నడిమి బిళ్ళలు తయారు. తెల్లపలకలో గాడి తవ్వి, సున్నం పరిచి, చిన్నచిన్న ముక్కోణాలు, చదరాలు బిగించడం. సున్నం పట్టు వదిలితే ముక్కలు రాలిపోతాయి, గాడి మాత్రం పోదు. చూడాల్సింది దాన్నే: ఒక చక్రాన్ని చుట్టిన పట్టీ తెగకుండా పక్కదాన్ని చుట్టబోతుంది.

తరవాత రాతలు. 16, 17, 18 శతాబ్దాల యాత్రికులు అక్కడో గొప్ప పాలరాతి బలిపీఠం చూశామని రాశారు. 1808లో చర్చి తగలబడింది, ఆ తరవాత దాని ఊసే లేదు. ఇప్పుడున్న పలక 2.5 మీటర్లు, ఎత్తు 1.5. మొదట వెడల్పు 3.5 దాకా ఉండేదట. ఒక్క జాగ్రత్త: గీకిన పేర్ల పక్కన తేదీ కనబడినా అది పలక వయసు కాదు, ఆ ముఖం జనం చేతికందిన కాలం, అంతే.

ఇంగ్లాండులో ఇంకో తంటా. 1550లో రాతి బలిపీఠాలు తీసెయ్యమన్నారు, పైపలకలు చాలా చోట్ల నేలబండలయ్యాయి. వాటికి గుర్తు అయిదు శిలువలు, నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి. అరిగిపోతే పగలు కనబడవు. చీకట్లో టార్చిలైటు నేలకి ఆనించి పక్కగా వెయ్యాలి, నీడలో తేలతాయి. నువ్వైతే ముందు బ్యాటరీలు మర్చిపోతావు, అది వేరే సంగతి!

ఇటలీ బయట ఆ రోమ్ మేస్త్రీల చెయ్యి అంటే లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ అబే నేల పేరే చెప్పేవాళ్ళు, 1268 నాటిది. అది కూడా జెరూసలేం పని తరవాత నూరేళ్ళకి పైమాటే. మరి జెరూసలేం దాకా మేస్త్రిని పంపింది పోపేనా? ఆయన ఎరుకలో లేకుండా జరగదని ఆ పరిశోధకుల వాదన, నాకూ అదే... ఉండు, కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి గంట కొడుతున్నాడు.

నీ
రాంబాబు