గోడ కొలతలు ముందు పంపు

తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నగరమంతా ఒకే రోజు కలిసి సేవ చెయ్యాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. 40 సైట్లు, 3,000 మంది వాలంటీర్లు, 4 నెలల గడువు అన్నావు. పోస్టరు ఎలా ఉండాలో, టీషర్టు ఏ రంగుదో కూడా రాశావు. ఏ సైట్‌లో ఎంత పని ఉందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది, ఓపిగ్గా చదువు.

ఇలాంటి కార్యక్రమం పాడయ్యేది చాలాసార్లు వచ్చినవాళ్లకు పని చాలకనే. సెలవు రోజున పొద్దున్నే లేచి వచ్చిన మనిషి, చేతికి రోలర్ అందక గంటసేపు ఊరికే నిలబడితే వచ్చే ఏడు నువ్వు ఎంత పిలిచినా రాడు. మనుషులు తక్కువైతే కాస్త పని మిగులుతుంది. దాన్ని మరుసటి వారం పదిమంది వెళ్లి ముగించొచ్చు. కాబట్టి లెక్క పని దగ్గర మొదలుపెట్టు, మనుషుల దగ్గర వద్దు.

2008 మే 3న ఎస్టోనియాలో దాదాపు 50,000 మంది ఒక్కరోజులో దేశమంతటా తిరిగి 10,000 టన్నుల చెత్త ఎత్తారు. అందరూ ఆ ఒక్కరోజు గురించే చెప్పుకుంటారు. దానికి ముందు వాలంటీర్లు నెలల తరబడి తిరిగి, అడవుల్లో, రోడ్ల పక్కన జనం పారబోసిన చెత్తకుప్పల్ని 10,000కు పైగా జీపీఎస్‌తో మ్యాప్ మీద గుర్తించి పెట్టారు. ఆ మ్యాప్ లేకపోతే 50,000 మంది వచ్చినా ఎవరు ఎటు పోవాలో తెలియక చెల్లాచెదురయ్యేవారు.

నువ్వు రాసిన బడి ప్రహరీగోడనే తీసుకో. 40 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు అనుకుందాం. చూస్తే 50 మందికి సరిపడా పని అనిపిస్తుంది. లెక్క వేసి చూడు. 80 చదరపు మీటర్లు. గరుకు ప్లాస్టరింగ్ మీద లీటరు ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) ఒక కోటుకు సుమారు 8 చదరపు మీటర్లు వస్తుంది. అంటే ఒకసారి వెయ్యడానికి 10 లీటర్లు, రెండుసార్లు వెయ్యడానికి 20. ట్రేల్లో మిగిలేది, కింద ఒలికేది కలిపి 22 లీటర్లు తెప్పించు. రంగు పట్టడానికి ముందుగా వేసే ప్రైమర్ వేరే. అలవాటు లేని మనిషి కూడా రోలర్‌తో గంటకు 8 చదరపు మీటర్లు వేస్తాడు. ఒక కోటు మొత్తం 10 మనిషి-గంటల పని. రెండున్నర గంటల్లో ముగించాలంటే నలుగురు రోలర్ పట్టాలి, ఇద్దరు బ్రష్‌తో అంచులు తియ్యాలి, ఇద్దరు రంగు కలుపుతూ, కింద పాత పేపర్లు పరుస్తూ ఉండాలి. ఎనిమిది మంది! 50 మందిని పంపితే అరగంటలో అందరూ ఖాళీ.

పైగా ఆ గోడ ఒక్క పూటలో అయ్యేది కూడా కాదు. పెచ్చులూడే పాత రంగు గీకి, దుమ్ము దులిపి, ప్రైమర్ వేసి ఆరనివ్వాలి. ఆరడానికే కొన్ని గంటలు పడుతుంది. కోటుకీ కోటుకీ మధ్య కూడా డబ్బా మీద రాసిన వ్యవధి ఇవ్వాలి, సాధారణంగా 2 నుంచి 4 గంటలు. తొందరపడి తడి మీద తడి వేస్తే రోలర్‌కు కింది కోటు అంటుకుని ఊడొస్తుంది. గీకుడు, ప్రైమర్ ముందురోజే ఆరుగురితో చేయించు. ఆ రోజు పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఇంకో జట్టు. అలా రెండు పూటలకూ కలిపి 16 మందికి నిండుగా పని దొరుకుతుంది.

ప్రతి సైట్‌కూ ఈ లెక్క కాగితం మీద పెట్టు. అప్పుడు నీ 3,000 మంది 500కు దిగుతారు, 40 సైట్లు 15కు దిగుతాయి. బాధపడకు. మొదటి ఏడాదికి అదే పెద్ద సంఖ్య.

సైట్ ఒప్పుకునే ముందు అక్కడివాళ్లను మూడు ప్రశ్నలు అడుగు. ఈ పని మీకు నిజంగా కావాలా, లేక మేం అడిగామని ఒప్పుకుంటున్నారా? ఆ రోజు మీ మనిషి ఒకరు మొదటినుంచి చివరిదాకా ఉంటారా? మేం వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? మూడోదానికి జవాబు రాకపోతే ఆ సైట్ వదిలెయ్. ఏటా ఒక్కో సంస్థ వచ్చి ఒకే గోడకు మళ్లీ మళ్లీ రంగు వేసి ఫోటో దిగి వెళ్లడం చాలా చోట్ల జరుగుతోంది. ఆ గోడ వెనకే కుళాయి కారుతూ ఉంటుంది. వాళ్లకు కావలసింది ఆ కుళాయి బాగవ్వడం!

మొక్కల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వితే 90 లీటర్ల మట్టి, అంటే 100 కిలోలకు పైనే బయటికి వస్తుంది. గట్టి నేలలో అలవాటు లేని మనిషి ఒక్క గుంత తవ్వేసరికి చేతులు బొబ్బలెక్కుతాయి. గుంతలు ముందే కూలి ఇచ్చి తవ్వించు. కింద కరెంటు కేబులు, నీటి పైపు లేవని తవ్వకముందే సంబంధిత శాఖల దగ్గర రూఢి చేసుకో. నాటేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, ప్లాస్టిక్ కవరు తియ్యకుండానే గుంతలో పెట్టెయ్యడం. ప్రతి జట్టుకూ ఒక బ్లేడు ఇచ్చి, తీసిన కవర్లు లెక్కపెట్టి అప్పగించమను. 60 మొక్కలు నాటితే 60 కవర్లు చేతికి రావాలి. వేళ్ల మట్టిముద్ద పైభాగం నేలకు సమంగా ఉండాలి, కాండం పూడ్చకూడదు. మొదటి రెండేళ్లు నీళ్లు పోసేవాళ్లు ఖాయం కాకపోతే ఒక్క మొక్క కూడా వద్దు.

చెత్త ఎత్తడం తేలికనిపిస్తుంది, కానీ నింపిన సంచుల్ని తీసుకెళ్లే లారీ ఎన్నింటికి వస్తుందో, డ్రైవర్ ఎవరో ముందు ఖాయం చేసుకున్నాకే మొదలుపెట్టాలి. లారీ రాకపోతే రాత్రికి కుక్కలు సంచులు చింపి, మునుపటికంటే అధ్వాన్నం చేస్తాయి. సంచి మూడింట రెండు వంతులే నింపాలి, లేకపోతే మూతి కట్టడానికి రాదు, మోస్తుంటే చిరుగుతుంది. గాజుముక్కలకు బకెట్. సిరంజి కనబడితే ఎవరూ ముట్టుకోకూడదు, సైట్ లీడర్‌ను పిలవాలి. లీడర్ దగ్గర పట్టకారు, గట్టి మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఉండాలి. గ్లవ్స్ మనిషికో జత, పైన 20 శాతం అదనం. జట్టుకొకరు కాగితం మీద ఏ వస్తువు ఎన్ని దొరికాయో గీతలు పెడుతూ ఉండాలి. 1986లో అమెరికాలోని టెక్సస్‌లో మొదలైన సముద్రతీరాల శుభ్రత కార్యక్రమానికి మొదటినుంచీ ఈ లెక్కే బలం. ఏ చెత్త ఎక్కువుందో తెలిస్తే అది ఎక్కడినుంచి వస్తుందో అడగొచ్చు.

ఇక అన్నిటికంటే ముఖ్యం సైట్ లీడర్లు. సైట్‌కు ఒక లీడర్, ప్రతి 10, 12 మందికి ఒక సహాయకుడు. లీడర్ చేతిలో బ్రష్ గానీ పార గానీ ఉండకూడదు. ఈ మాట శిక్షణలో మూడుసార్లు చెప్పు, ఎందుకంటే మంచి లీడర్లే దీన్ని ముందు మీరతారు. పని చూస్తే చెయ్యి ఊరుకోదు. లీడర్ గోడకు రంగు వేస్తూ కూర్చుంటే కొత్తగా వచ్చినవాళ్లను పలకరించేవాళ్లు ఉండరు, ఖాళీగా నిలబడ్డ ఇద్దర్ని చూసేవాళ్లు ఉండరు. శిక్షణ రెండు వారాల ముందు, ఎవరి సైట్‌లో వాళ్లకు, రెండు గంటలు. హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే గేటు ఏ వైపు ఉందో, నీళ్ల కుళాయి ఎక్కడుందో తెలియదు.

లీడర్ సంచిలో పెట్టాల్సినవి: పేర్ల జాబితా, సంతకాల కాగితం, ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరి ఆసుపత్రి చిరునామా, పనిముట్ల లెక్క కాగితం, మార్కర్లు, టేపు, కత్తెర, పవర్ బ్యాంక్.

రిజిస్ట్రేషన్లో సైట్ ఎంచుకునే వీలు ఇవ్వు, నిండగానే ఆ సైట్ మూసెయ్. ఉచిత కార్యక్రమాలకు పేరు ఇచ్చినవాళ్లలో నాలుగోవంతు నుంచి మూడోవంతు రారని అనుకునే లెక్క వేసుకోవాలి. 30 మంది కావాలంటే 40 పేర్లు తీసుకో. సంస్థలనుంచి గుంపుగా వచ్చేవాళ్ల విషయంలో ఈ లెక్క పనిచెయ్యదు. వస్తే అందరూ వస్తారు, మానేస్తే అందరూ మానేస్తారు. అందుకే ఏ సైట్‌లోనూ ఒకే సంస్థవాళ్లు సగానికి మించకూడదు. గుర్తుచేసే మెసేజ్‌లు వారం ముందు, రెండు రోజుల ముందు, ముందురోజు సాయంత్రం పంపు. చివరిదాంట్లో గేటు లొకేషన్, వేళ, లీడర్ పేరు, నంబరు, వేళ్లు మూసే బూట్లు వేసుకురావాలన్న మాట ఉండాలి. రాలేమని చెప్పడానికి సులువైన దారి కూడా ఇవ్వు. మొహమాటంతో చెప్పకుండా మానేసేవాళ్లే ఎక్కువ.

పిల్లలుండే చోటికి, వృద్ధాశ్రమాలకు వాలంటీర్లను పంపితే ఎవర్నీ ఒంటరిగా ఒక పిల్లవాడితో వదలకూడదు. అనుమతి లేకుండా ఫోటోలు తియ్యకూడదు. ఇందులో సడలింపు వద్దు.

సామాను సైట్‌ల వారీగా రెండు రోజుల ముందే కట్టించు, ఒక్కో సైట్‌కు ఒక్కో రంగు టేపు చుట్టించు. సాయంత్రం ఎవరి పార ఎవరిదో తెలుస్తుంది. తాళం వేసే గది ఉన్నచోట ముందురోజు సాయంత్రమే దింపెయ్. పొద్దున దింపాల్సివస్తే ఒక వ్యాన్‌కు మూడు నాలుగు సైట్‌లకు మించి ఇవ్వకు. దింపి లెక్క అప్పగించడానికే సైట్‌కు అరగంట పడుతుంది. ఇంకో చిన్న సంగతి, దీని దగ్గరే చాలామంది దెబ్బతింటారు: తాళంచెవి. ఏ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఆయన రాకపోతే రెండోది ఎవరి దగ్గరుందో ఇద్దరి నంబర్లతో రాసిపెట్టు. రంగు, బ్రష్‌లు, నిచ్చెనలు అన్నీ లోపల ఉండి, 30 మంది బయట నిలబడి, వాచ్‌మన్ ఫోను తియ్యకపోతే ఎంత ప్రణాళిక వేసినా వృథా.

ఎండగా ఉంటే పావుగంటకో గ్లాసు చొప్పున మనిషికి గంటకు లీటరు దాకా నీళ్లు కావాలి. 40 మంది, మూడు గంటలు అంటే 120 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు ఆరు. టాయిలెట్ ఉందో లేదో సైట్ చూసిన రోజే అడుగు. లేకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, ఎండలో అది ప్రమాదం.

అందర్నీ ముందు ఒక మైదానంలో పోగుచేసి ఉపన్యాసాలిప్పించి బస్సుల్లో పంపాలని రాశావు. దయచేసి మానెయ్. గంటన్నర అక్కడే పోతుంది, పని వేళకు ఎండ ముదురుతుంది. ఎవరి సైట్‌కు వాళ్లు నేరుగా వెళ్లాలి. లీడర్ ఏడు నిమిషాలు మాట్లాడితే చాలు: ఈ పని ఎవరికోసం, ఏం చెయ్యాలి, దేనితో జాగ్రత్త, నీళ్లెక్కడ, ఎన్నింటికి ఆపాలి. అతిథులు రావాలంటే సాయంత్రం పని చూడ్డానికి రమ్మను. పని ముగింపుకు అరగంట ముందే ఆపించు. బ్రష్‌లు కడగడం, పనిముట్లు లెక్కపెట్టడం అనుకున్నదానికంటే ఎక్కువ సేపు పడుతుంది.

ఆ రోజు నువ్వు ఏ సైట్‌లోనూ ఉండకు. ఒక గదిలో ముగ్గురు, ఒక ఫోను, గోడమీద 15 సైట్‌ల పట్టిక. లీడర్లు మూడుసార్లు ఫోన్ చెయ్యాలి: గేటు తెరిచాక, పని మొదలైన గంటకు, సామాను లెక్క ముగిశాక. ఆరుగురితో, బండితో, అదనపు కిట్లతో ఒక జట్టును ఖాళీగా ఉంచుకో. మనుషులు తగ్గిన చోటికి వాళ్లే వెళ్తారు. వాన వస్తే ఏ సైట్ ఆపాలో నిర్ణయించే మనిషి ఒక్కరే ఉండాలి, ఎవరన్నది ముందే అందరికీ తెలియాలి.

తేదీ గురించి అడిగావు. డిసెంబర్ 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినం, సెప్టెంబర్ 20 ప్రపంచ స్వచ్ఛతా దినం. వాటిలో ఒకటి పెట్టుకుంటే ప్రచారానికి బాగుంటుంది. కానీ అది పనిరోజున పడితే మొహమాటపడకుండా దగ్గరి సెలవురోజుకు మార్చు. పరీక్షల వారం కాకుండా కూడా చూసుకో.

అయిపోయాక రెండు రోజుల్లో ప్రతి వాలంటీర్‌కూ వాళ్ల సైట్ ఫోటోతో, అక్కడ జరిగిన పని లెక్కతో మెసేజ్ పంపు. నెల తర్వాత ప్రతి సైట్‌కూ ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. ఎన్ని మొక్కలు బతికాయి, రంగు ఎక్కడ లేచింది, ఎక్కడ మళ్లీ చెత్త పడుతోంది. ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్లో రాసుకో, తర్వాత గుర్తుండదు.

ఈ ఆదివారం ఆ ప్రహరీగోడ దగ్గరికి టేపు తీసుకుని వెళ్లు. పొడవు, ఎత్తు, రెండు వైపులా వెయ్యాలా ఒకవైపేనా, పెచ్చులు ఎంతమేర ఊడాయో రాసి పంపు. చేత్తో రుద్దితే సున్నం అంటుతోందేమో కూడా చూడు. రంగు లెక్క నేను వేసి పెడతాను.

మీ అమ్మ