పుస్తకాల బీరువా తాళం తీయించండి: విద్యాశాఖ మంత్రులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ మంత్రులకు నమస్కారాలు.

ప్రాథమిక పాఠశాలలకు బొమ్మల పుస్తకాలు రావడం లేదని మేం ఈ లేఖ రాయడం లేదు. 2018లో మొదలైన కేంద్ర పథకం సమగ్ర శిక్షలో ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధి ఉంది. పుస్తకాలు వస్తున్నాయి, స్టాక్ రిజిస్టరులో ఎక్కుతున్నాయి. చాలా చోట్ల అక్కడితో ఆగిపోతున్నాయి. హెచ్ఎం గదిలో బీరువా, దానికో తాళం. ఒకటో తరగతి పిల్లవాడికి ఏడాది పొడవునా చేతికందే అచ్చుపుస్తకం పాఠ్యపుస్తకం ఒక్కటే.

తాళం వేసేది టీచర్ల బద్ధకం కాదు, రిజిస్టరు భయం. బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించాలి. లెక్కలో 120 పుస్తకాలుండి చేతిలో 97 ఉంటే తేడాకి సమాధానం చెప్పాల్సింది ఆ టీచరే. ఆరేళ్ల పిల్లలు తిప్పిన పుస్తకం చిరుగుతుంది, అట్ట ఊడుతుంది, ఒకటి రెండు ఇంటికెళ్లి తిరిగి రావు. ఇది తెలిసిన టీచరు బీరువా తెరవదు. అందుకే మా మొదటి కోరిక డబ్బు ఖర్చు లేనిది. తరగతి గదిలో వాడిన పుస్తకాల్లో ఏటా ఐదోవంతు వరకు చిరిగినా పోయినా హెచ్ఎం సంతకంతో లెక్కలోంచి తీసేయవచ్చని, ఎవరి నుంచీ రికవరీ ఉండదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. అందులోనే ఇంకో వాక్యం చేర్చండి: తనిఖీకి వచ్చిన అధికారి కొత్తగా మెరిసే పుస్తకాలు చూసి మెచ్చుకోకూడదు, అవి ఎందుకు నలగలేదని అడగాలి.

గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లాలని నమ్మిన నేల ఇది. ఆఫీసు గది నుంచి పక్క తరగతి గదికి పుస్తకం వెళ్లలేకపోవడం మనకు తగదు.

ఇక చదవడం నేర్పే పద్ధతి. పిల్లలు పుస్తకాన్ని ఇష్టపడాలంటే ముందు చదవడం కష్టంగా అనిపించకూడదు. మన లిపికి ఉన్న చిక్కులేమిటో తెలిసి నేర్పితేనే అది సాధ్యం.

ఇప్పటికీ చాలా తరగతుల్లో అ నుంచి ఱ దాకా వరసగా అక్షరాలన్నీ, ఆ తర్వాత 36 హల్లులకీ గుణింతాలూ చెప్పించి, అవన్నీ అయ్యాకే మాటల్లోకి వెళ్తున్నారు. గుణింతాలే నాలుగు వందలు దాటుతాయి. ఏడాది గడిచినా పిల్లవాడు అర్థమున్న వాక్యం ఒక్కటీ చదవడు. పైగా ఆ వల్లెవేతలో కళ్లకు పనుండదు, నోటికే పని. ‘బో’ ఒక్కటే రాసి చూపించండి. ‘బ బా బి బీ’ అని మొదట్నుంచీ పాడుకుంటూ వస్తే తప్ప చెప్పలేని పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. ఆ పాట వచ్చింది కాబట్టి గుణింతం వచ్చిందని మనం లెక్క రాసుకుంటున్నాం.

ప, త, ల, డ, క, గ, వ ఈ ఏడక్షరాలు చాలు మొదలుపెట్టడానికి. తల, వల, కల, పడవ, పలక, గడప, కలప, తలగడ, కడవ అన్నీ వీటితోనే వస్తాయి. వారానికి రెండు మూడు అక్షరాల కంటే ఎక్కువ వద్దు. ఏడూ పట్టుబడగానే దీర్ఘం ఇవ్వాలి. అప్పుడు తాత, పాప, కాకా వస్తారు, చిన్న చిన్న పదబంధాలు మొదలవుతాయి. తర్వాత కొమ్ము, గుడి, సున్న. తెలుగు మాటల్లో ఎక్కువ భాగం ‘ఉ’తోనో ‘ఇ’తోనో ముగుస్తాయి కాబట్టి ఈ రెండు గుర్తులు రాగానే చదవగల మాటలు ఒక్కసారిగా పెరుగుతాయి. ఋ, ఝ, ఞ లాంటివి రెండో తరగతి దాకా ఆగినా కొంప మునగదు. ఒకేలా కనిపించే అక్షరాలను మాత్రం పక్కపక్కనే నేర్పకూడదు. ప-వ, య-మ, ద-ధ-థ, బ-భ జంటల్లో ఒకటి గట్టిగా వచ్చాక, రెండు మూడు వారాల ఎడం ఇచ్చి రెండోది తేవాలి. వు, పులకు కొమ్ము మిగతా అక్షరాలకులాగా పక్కన రాదు, కింది నుంచి వస్తుంది. పక్కన పెడితే ‘వ’ కాస్తా ‘మ’ అయిపోతుంది. ఈ సంగతి టీచరు వేలుపెట్టి చూపిస్తే ఒక్క రోజులో తేలిపోతుంది. చెప్పకపోతే పిల్లవాడు నెలల తరబడి తడబడతాడు.

అసలు గండం వత్తుల దగ్గర ఉంది. మొదటి ఏడాది బాగానే చదివిన పిల్లలు కూడా ఇక్కడే వెనకబడుతున్నారు. త, న, మ, య, ర, ల వత్తులుగా మారినప్పుడు అసలు ఆకారం ఏమాత్రం మిగలదు. ఇవి విడిగా నేర్పాల్సిన కొత్త గుర్తులే. అంతకంటే పెద్ద చిక్కు చదివే క్రమం. ‘రాత్రి’ మాట చూడండి. గుడి ‘త’ మీద కూర్చుంటుంది, కానీ ఆ ‘ఇ’ శబ్దం ‘ర’ తర్వాత వినిపిస్తుంది. క్రావడేమో (ర వత్తు) ‘త’కు ఎడమ వైపు నుంచి మొదలవుతుంది. కంటికి కనిపించిన వరసలో చదివే పిల్లవాడు ‘రాతిర’ అంటే తప్పు అతనిది కాదు. ముందు ద్విత్వాలు నేర్పాలి: అక్క, అమ్మ, అన్న, తమ్ముడు, పిల్లి, బొమ్మ. ఇవన్నీ రోజూ నోట్లో నలిగే మాటలు కాబట్టి శబ్దం ముందే తెలుసు, కన్ను దానికి అలవాటు పడితే చాలు. వీటి మీద నెల రోజులు ఆగి, ఆ తర్వాతే చంద్రుడు, రాత్రి, పుస్తకం లాంటి సంయుక్తాక్షరాలకు వెళ్లాలి. పాఠ్యపుస్తకంలో మాత్రం ఈ మెట్టు త్వరగా అయిపోతోంది. వచ్చే ముద్రణలో దీనికి కనీసం ఆరు వారాల పాఠాలు కేటాయించమని పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీలకు చెప్పండి.

చదివించే తీరు కూడా మారాలి. నలభై నిమిషాల పీరియడులో ముప్పై మందిని ఒక్కొక్కరినీ లేపి చదివిస్తే ఒక్కో బిడ్డకు దక్కేది నిమిషం పైచిలుకే. మిగతా సేపంతా దిక్కులు చూడటమే. పైగా తడబడే పిల్ల అందరి ముందూ నిలబడి తడబడాలి. పుస్తకమంటే భయం పుట్టేది అక్కడే.

అందుకే ఒకటి నుంచి మూడు తరగతుల వరకు తెలుగు పీరియడు కాకుండా రోజూ నలభై నిమిషాల పఠన పీరియడు టైమ్‌టేబుల్లో పెట్టండి. అందులో పన్నెండు నిమిషాలు టీచరు బిగ్గరగా చదవాలి, పిల్లలు దగ్గరగా నేల మీద కూర్చుని బొమ్మలు చూస్తూ వినాలి. పదిహేను నిమిషాలు ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు, ఒంటరిగానో జంటగానో. మిగిలిన సమయం ఐదారుగురు పిల్లలున్న ఒక గుంపుతో టీచరు కూర్చోవాలి. రోజుకో గుంపు చొప్పున వారం తిరిగేసరికి అందరూ అవుతారు. రెండు తరగతులు ఒకే గదిలో ఉన్న బడుల్లో బిగ్గరగా చదవడం కలిపే చేయవచ్చు, దానివల్ల నష్టం లేదు.

బిగ్గరగా చదవడం చూడటానికి తేలిక, చేయడానికి కాదు. టీచరు ముందు రోజే పుస్తకం చదువుకుని ఉండాలి. పేజీకో ప్రశ్న వేస్తే కథ చచ్చిపోతుంది, రెండు చోట్ల ఆగితే చాలు. ఒకే పుస్తకం మూడు రోజులు చదవాలి. మొదటి రోజు కథ కోసం. రెండో రోజు మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాన్ని పిల్లలే అందుకుంటారు. మూడో రోజు మాటల కింద వేలు జరుపుతూ. మూడో రోజున పిల్లలు ఆ పుస్తకాన్ని అడిగి తీసుకుని తమంతట తామే ‘చదువుతారు’. సగం కంఠతా, సగం చూసి. అది మోసం కాదు, చదువు అలాగే మొదలవుతుంది. ఒక్క మనవి: ప్రతి కథ చివరా ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడిగే అలవాటు మాన్పించండి. చదివిన ప్రతి పుస్తకానికీ సమీక్ష రాయమనడం కూడా. ఈ రెండూ చదవడాన్ని హోంవర్కుగా మార్చేస్తాయి.

తప్పు చదివినప్పుడు నాలుగైదు సెకన్లు ఆగాలి. చాలాసార్లు పిల్లవాడే దిద్దుకుంటాడు. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటే ‘వచ్చిండు’ అని చదివిన బిడ్డను ఆపవద్దు. అచ్చును చూసి, అర్థం చేసుకుని, తన ఇంటి భాషలో చెప్పాడు. అంతకంటే మంచి చదువు ఏముంది? ఇంట్లో గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లల సంగతి వేరు. వాళ్లకు ముందు ఆరు నెలలు తెలుగు వినడం, మాట్లాడటం ఉండాలి. ఇంటి భాషలో చదివి వినిపించే పుస్తకాలు ఉండాలి. నోటికి తెలియని మాటను కంటితో గుర్తుపట్టమనడం అన్యాయం.

ముప్పై మంది ఉన్న తరగతికి ఒకే పుస్తకం ముప్పై ప్రతులు పనికిరాదు. వంద వేర్వేరు పుస్తకాలు కావాలి. వాటిలో నలభై వరకు పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న బొమ్మల పుస్తకాలు, ముప్పై ఇంకాస్త ఎక్కువ పాఠం ఉన్నవి, ఇరవై కథలు, పది పురుగులు, బళ్లు, వాన, శరీరం లాంటి విషయాల మీద. చివరి పదే లేకుండా పోతుంటాయి. కథలంటే పడని పిల్లలను పుస్తకం దగ్గరికి తెచ్చేది అవే.

టెండరు పత్రంలో ఇవి రాయించండి. ఒకటో తరగతి పుస్తకాల్లో అక్షరం 24 పాయింట్లకు తగ్గకూడదు. సన్నటి గీతల ఫాంటు వద్దు. చిన్న అక్షరాల్లో గుడికీ గుడిదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ తేడా కనిపించక పిల్లలు ఊహించి చదువుతారు. వాక్యం మధ్యలో మాట విరిగి కింది వరసలోకి పోకూడదు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు పేజీలు, మధ్యలో పిన్ను కొట్టిన బైండింగు. జిగురు బైండింగు పుస్తకాన్ని పూర్తిగా తెరిచి నేల మీద పరిస్తే నెలకే పేజీలు ఊడతాయి. అట్ట 250 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), లోపలి కాగితం 100. తక్కువ ధర చెప్పినవాడికే ఇవ్వాలన్న నియమం ఈ కొనుగోలుకు సరిపోదు. ముందు ఒకటి రెండు తరగతుల టీచర్లు నమూనా పుస్తకాలు పిల్లలకు చదివి చూసి జాబితా ఇవ్వాలి, ధర సంగతి ఆ జాబితాలోనే తేల్చాలి. ఆర్థిక సంవత్సరం చివర మార్చిలో హడావిడిగా కొన్న పుస్తకాలు సెలవుల ముందు బడికి చేరి, అట్టపెట్టెల్లోనే ఎండాకాలం గడుపుతున్నాయి. జూన్‌లో బడి తెరిచే రోజుకు అవి గదిలో ఉండాలి.

గదిలో పుస్తకం అట్ట కనిపించేలా, పిల్లల కంటి ఎత్తుకు, అంటే నేల నుంచి మూడడుగుల లోపు ఉండాలి. తాడు మీద వేలాడదీస్తే పుస్తకం నడుము విరుగుతుంది, క్లిప్పు పెడితే అట్ట చిరుగుతుంది. గోడకు కొట్టిన సన్నటి చెక్క అరలు మేలు. అవి లేకపోతే గుడ్డ సంచీ జేబులు. వారానికొకసారి ఒక పుస్తకం ఇంటికి వెళ్లాలి. రిజిస్టరులో పుస్తకం నంబరు, పిల్లవాడి పేరు చాలు, ఆ పని మూడో తరగతి పిల్లలే చేస్తారు.

కొలత గురించి ఒక మాట. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల కోసం 2021 జూలైలో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని ఉంది. తెలుగులో ‘ఇంటికొచ్చేటప్పటికి’ ఒక్క మాటే. మాటలు అతుక్కుని పొడవు పెరిగే భాషలో మాటల లెక్కతోనే వేగం కొలిస్తే, పిల్లలు అర్థం వదిలేసి పరుగెడతారు. మూడు నెలలకొకసారి ఒక్కో బిడ్డతో మూడు నిమిషాలు కూర్చుని, తెలియని చిన్న కథ చదివించి, అందులో ఏం జరిగిందో అడిగితే టీచరుకు కావాల్సింది తెలుస్తుంది. ఆ వివరం టీచరు నోటుపుస్తకంలోనే ఉండనివ్వండి. పఠన పీరియడు ఫోటో తీసి రోజూ యాప్‌లో ఎక్కించాలన్న షరతు మాత్రం పెట్టకండి. సిగ్నల్ కోసం వరండాలో నిలబడిన పది నిమిషాలూ పిల్లలకు చదివి వినిపించాల్సిన పది నిమిషాలే.

టీచర్ల శిక్షణలు స్కూల్ కాంప్లెక్సు (దగ్గరి బడుల గుంపు) సమావేశాల్లో, నిజమైన పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని జరగాలి. ఒక టీచరు చదివి వినిపిస్తుంటే మిగతావాళ్లు చూడాలి, తర్వాత మాట్లాడుకోవాలి.

వీటిలో చాలావాటికి ఏడాది పడుతుందని తెలుసు. చిరిగిన పుస్తకాల ఉత్తర్వుకు మాత్రం ఒక్క సంతకం చాలు. అది జూన్ లోపు రావాలని మా విన్నపం.

ఇట్లు,
ప్రాథమిక తరగతులకు తెలుగు బోధించే ఉపాధ్యాయులం