గాలం వేటకు టికెట్ పెట్టండి, ఆ డబ్బు మత్స్యకార సంఘానికే ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

చలికాలం వచ్చిందంటే తెలంగాణలో చాలా చెరువు కట్టల మీద ఒక పేచీ మొదలవుతుంది. ఆదివారం పూట రీలు కర్రలు పట్టుకుని సరదాగా చేపలు పట్టడానికి పట్నం నుంచి వచ్చేవాళ్లు ఒకవైపు, ఆ చెరువునే నమ్ముకుని బతికే మత్స్యకార సంఘం వాళ్లు ఇంకోవైపు. 'ఒక్క గాలమేగా వేసింది' అంటారు వీళ్లు. 'కాపలా కాసింది మేము, పట్టుకుపోయేది మీరా' అంటారు వాళ్లు. న్యాయం సంఘం వైపే ఉందని నా అభిప్రాయం. అయినా గాలం వేసేవాళ్లను తరిమేయడం ఒక్కటే దారి కాదు. ఇద్దరికీ పనికొచ్చే పద్ధతి ఒకటి నేను కళ్లారా చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కరీంనగర్ జిల్లా. ఉద్యోగం కోసం వచ్చి ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ దగ్గర స్థిరపడ్డాను. ఇక్కడ ఒక చిన్న గాలం క్లబ్బులో సభ్యుణ్ని. లారీ డ్రైవర్లు, రిటైరైన టీచర్లు, ప్లంబర్లు, అందరూ మామూలు మనుషులే. చలికాలంలో అందరం కలిసి స్నేహపూర్వకంగా ఒక పోటీ పెట్టుకుంటాం. పట్టేది కార్ప్, అంటే మన బంగారు తీగ. ఈ చేప ఇక్కడికీ బయటి నుంచి వచ్చిందే, మన దగ్గరికీ బయటి నుంచి వచ్చిందే. 1939లో శ్రీలంక నుంచి నీలగిరి కొండలకు ఒక రకం తెచ్చారు, 1957లో బ్యాంకాక్ నుంచి ఇంకో రకం తెచ్చారు. మన చెరువుల్లో పెరిగేది ఎక్కువగా ఆ రెండోదే.

పోటీ రోజు పొద్దున్నే గట్టు మీద గడ్డి తెల్లగా మంచు పట్టి ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీ తీసి తేలుస్తారు. ఒడ్డు పొడవునా నంబర్లు వేసిన చోట్లుంటాయి, చీటీలో వచ్చిన నంబరు దగ్గరే కూర్చోవాలి. మంచి చోటు దొరికిందా లేదా అన్న టెన్షన్ అక్కడే మొదలు. ఈల ఊదాకే గాలం నీళ్లలో పడాలి, మళ్లీ ఈల ఊదితే తీసేయాలి.

చలికాలపు వేటలో అసలు పని ఓపికదే. చేపది చల్లటి నెత్తురు, నీళ్లు చల్లబడేకొద్దీ దాని ఆకలి తగ్గిపోతుంది. నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి కాబట్టి, పైన మంచు పేరుకునేంత చలిలో కూడా లోతైన చోట అడుగున కాస్త వెచ్చదనం మిగులుతుంది. చేపలన్నీ అక్కడికే చేరి కదలకుండా ఉంటాయి. ఎండాకాలంలో లాగా గుప్పెళ్లతో మేత చల్లితే అవి తినవు, ఎర అడుగున అలాగే ఉండిపోతుంది. అందుకే నాలుగు తెల్ల పురుగులో, నాలుగు మొక్కజొన్న గింజలో వేసి ఆగాలి. బెండు మునగదు కూడా, చివర ఇంత వణుకుతుంది అంతే. ఆ వణుకు గాలికి వచ్చిందో చేపకు వచ్చిందో తేల్చుకోవడంలోనే మనిషి పనితనం తెలుస్తుంది.

చేప పడ్డాక ఏం చేస్తారో మన వాళ్లు ముఖ్యంగా చూడాలి. ముందు చేతులు తడుపుకుంటారు. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, తర్వాత అక్కడ జబ్బు పడుతుంది. చేపను నేల మీద పెట్టరు. తడిపిన మెత్తటి చాప మీద పడుకోబెట్టి గాలం తీస్తారు. మా క్లబ్బులో కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలాలే వాడాలి, వేలితో ఇలా తోస్తే వచ్చేస్తాయి. తర్వాత చేపను నీళ్లలోనే వేలాడే పొడవాటి వల సంచిలో ఉంచుతారు. ఆ వలకు కూడా ప్రభుత్వ నియమాలున్నాయి. కనీసం రెండు మీటర్ల పొడవుండాలి, ముడులు ఉండకూడదు, కన్ను 25 మిల్లీమీటర్లు మించకూడదు. చివర్లో తూకం వేసి, కాగితం మీద రాసుకుని, అన్నిటినీ చెరువులోకే వదిలేస్తారు. మంచు కురిసే రోజు చేపను గాలిలో ఎక్కువసేపు పట్టుకుంటే మొప్పలు దెబ్బతింటాయని, తూకం దగ్గర ఎవరైనా ఫొటో కోసం ఆగితే పెద్దవాళ్లు గట్టిగానే కోప్పడతారు.

'పట్టిన చేపను వదిలేయడానికి ఇంత తతంగమా' అని మా బాబాయి ఫోనులో అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. గాలం గుచ్చుకుంటే చేపకు బాధ ఉండదని నేను అనను. ఈ ఆటే వద్దనేవాళ్ల మాటలోనూ బరువుంది. కానీ మన దగ్గర గాలం వేసేవాళ్లు ఎలాగూ వేస్తున్నారు. నియమం లేకుండా దొంగచాటుగా వేసే బదులు నియమంతో, సంఘం కళ్లముందే వేస్తే చేపకూ మేలు, చెరువుకూ మేలు.

ఇక్కడ పదమూడేళ్లు దాటిన ఎవరైనా చెరువులోనో నదిలోనో గాలం వేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. పదహారేళ్ల వరకు పిల్లలకు అది ఉచితం. ఒక రోజుకు, ఎనిమిది రోజులకు, ఏడాదికి విడివిడిగా ఇస్తారు. లేకుండా పట్టుబడితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. ఆ లైసెన్సు కాక, చెరువు ఎవరిదైతే వాళ్లకు రోజు టికెట్ డబ్బు వేరే కట్టాలి. పోటీ పెట్టుకున్నా ఇదే లెక్క. చెరువు యజమానికి మా గాలం మీద కోపం రాదు, ఎందుకంటే మేం వచ్చిన రోజు అతనికి ఆదాయం వచ్చిన రోజు. చేపలు కూడా అతని చెరువులోనే ఉంటాయి.

మన దగ్గర ఆ యజమాని స్థానంలో మత్స్యకార సంఘం ఉండాలి. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు పోయించింది. బొచ్చె, రాగండి, మోసు, బంగారు తీగ అన్నీ అందులో ఉన్నాయి. అవి ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల బతుకుతెరువు కోసం పోసినవి, ఆదివారం సరదా కోసం కాదు. కాబట్టి గాలం టికెట్ సంఘమే ఇవ్వాలి, డబ్బు సంఘం ఖాతాలోనే పడాలి, ఎక్కడ కూర్చోవాలో, ఎన్ని కర్రలు వేయాలో సంఘమే చెప్పాలి. చేప ఇంటికి తీసుకుపోవాలంటే తూకం వేయించి సంఘం ధరకే కొనుక్కోవాలి. వల లాగే రోజుల్లో గాలం పూర్తిగా బంద్. మత్స్యశాఖ చేయాల్సింది నియమాల కాగితం ఒకటి తయారుచేసి ఇవ్వడం, ఎవరైనా గొడవకు దిగితే సంఘం వెనక నిలబడడం.

నియమాల్లో ఒకటి మాత్రం తప్పనిసరిగా ఉండాలి. మన వాళ్లు గాలం దారానికి బరువుగా సీసం గుండ్లు కడతారు. తెగిపోతే అవి చెరువు అడుగునే ఉండిపోతాయి. ఇంగ్లండ్‌లో ఇలాంటి చిన్న గుండ్లను గులకరాళ్లతో పాటు మింగి హంసలు విషమెక్కి చచ్చిపోతుంటే, 1987లో వాటి అమ్మకాన్ని నిషేధించారు. ఆ తర్వాత హంసలు మళ్లీ పెరిగాయి. మన చెరువులకు వలస పక్షులు వచ్చేది కూడా సరిగ్గా ఈ చలికాలంలోనే. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. అలాంటి చోట్ల గాలం పోటీ ఊసే వద్దు. మిగతా చోట్ల సీసం వాడకూడదు, తెగిన నైలాన్ దారం ఒక్క మూర కూడా ఒడ్డున వదలకూడదు. ఆ దారం కాళ్లకు చుట్టుకుని ఎగరలేక చచ్చిన కొంగను చూసినవాళ్లకు ఇది చిన్న విషయం అనిపించదు.

ఒక చెరువులో తడిసిన వలను ఆరబెట్టకుండా ఇంకో చెరువులో ముంచకూడదన్నది ఇంకో నియమం. కార్ప్ చేపలకు వచ్చే ఒక హెర్పిస్ వైరస్ ఇక్కడ చెరువులకు చెరువుల్నే ఖాళీ చేసింది. అందుకే వలలు, చాపలు కడిగి పూర్తిగా ఎండబెట్టాకే వాడనిస్తారు. పట్నం నుంచి వచ్చేవాళ్లు ఈ వారం ఒక చెరువుకు, వచ్చే వారం ఇంకో చెరువుకు పోతుంటారు కాబట్టి ఇది మనకూ అవసరమే.

నియమాలంటే మన వాళ్లు వినరు అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేట ఆపేస్తారు. బతుకుతెరువు ఆపుకుని రెండు నెలలు ఒడ్డున కూర్చునేది మన మత్స్యకారులే. ఇంగ్లండ్ నదుల్లో గాలం వేటకు విరామం మార్చి 15 నుంచి జూన్ 15 వరకు. రెండు చోట్లా కారణం ఒకటే, చేపలు గుడ్లు పెట్టే కాలం. పొట్ట కోసం పట్టేవాళ్లు పాటించే క్రమశిక్షణను సరదాకు పట్టేవాళ్లు పాటించలేరా?

ఒక్కసారే రాష్ట్రమంతా పెట్టమని అడగడం లేదు. లోయర్ మానేరు లాంటి పెద్ద జలాశయం ఒకటి ఎంచుకుని, అక్కడి సంఘాలతో ముందు కూర్చుని మాట్లాడి, వాళ్లు సరేనంటే ఈ చలికాలంలో ఒక ఆదివారం స్నేహపూర్వక పోటీ పెట్టి చూడండి. ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో, సంఘానికి ఎంత మిగిలిందో, ఎన్ని చేపలు బతికి నీళ్లలోకి పోయాయో లెక్క రాయండి. వాళ్లు వద్దంటే వదిలేయండి. మా క్లబ్బు నియమాల కాగితాన్ని తెలుగులో రాసి, మన చెరువులకు తగ్గట్టు మార్చి మత్స్యశాఖకు పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ పత్రిక ద్వారా అధికారులు అడిగితే చాలు.

ఇట్లు,
కరీంనగర్ జిల్లాకు చెందిన ఒక పాఠకుడు,
నార్తాంప్టన్, ఇంగ్లండ్